రెండు డాక్టరేట్లు, రెండు పనితనాలు

విద్యా పరిశోధనలో అంకెలతో పనిచేసేవాళ్లందరికీ తెలిసిన పుస్తకం ఒకటుంది: 'హైరార్కికల్ లీనియర్ మోడల్స్'. ఆంథొనీ బ్రిక్, స్టీఫెన్ రౌడెన్‌బుష్ కలిసి రాశారు. 1992లో వచ్చింది. ఆ పుస్తకం పట్టుకున్న చిక్కు వినడానికి చిన్నదే. పిల్లలు తరగతిలో ఉంటారు, తరగతి బడిలో ఉంటుంది. ఒకే టీచరు దగ్గర కూర్చున్న నలభై మంది మార్కులు ఒకదానికొకటి సంబంధం లేని నలభై అంకెలు కావు. ఆ టీచరు, ఆ గది, ఆ హెడ్మాస్టరు అందరి మార్కుల్లోనూ కొంత కొంత కలిసి ఉంటారు. లెక్క కట్టేవాళ్లు అంతకుముందు సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేసేవారు. బడుల మధ్య గీతలు చెరిపేసి పిల్లలందరినీ ఒకే రాశిగా పోయడం ఒకటి, బడికో సగటు తీసుకుని పిల్లల్ని వదిలేయడం రెండోది. మొదటిదాంట్లో బడి మాయమవుతుంది, రెండోదాంట్లో పిల్లవాడు మాయమవుతాడు. బ్రిక్, రౌడెన్‌బుష్‌లు పిల్లవాడి సంగతి పిల్లవాడి అంతస్తులో, బడి సంగతి బడి అంతస్తులో ఉంచి, రెండింటినీ ఒకే లెక్కలో కలిపే పద్ధతిని వివరంగా నేర్పారు. పేద పిల్లలకూ కలిగిన పిల్లలకూ మధ్య తేడా ఏ బడుల్లో తక్కువగా ఉంది, ఎందుకు తక్కువగా ఉంది అని నిలదీసి అడగడం దాంతో సులువైంది. ఇంతటి పరిశోధనా సాధనాన్ని అందరి చేతికీ ఇచ్చిన ఈ ఇద్దరికీ ఉన్నది పీహెచ్‌డీ కాదు. ఇద్దరూ హార్వర్డ్‌లో ఎడ్.డి. చేసినవాళ్లు.

ఎడ్.డి. అంటే డాక్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్. మన దగ్గర టీచర్ ట్రైనింగ్ డిప్లొమాగా ఉండిన డి.ఎడ్.తో దీనికి సంబంధం లేదు. అమెరికా బడుల్లో పాఠాలు చెబుతున్న తెలుగువాళ్లు, బ్రిటన్‌లో కాలేజీ బాధ్యతలు చూస్తున్నవాళ్లు, నడి వయసులో మళ్లీ చదువుకోవాలనుకునే అధ్యాపకులు తరచూ అడిగే ప్రశ్న ఇది: విద్యలో డాక్టరేట్ చెయ్యాలంటే ఎడ్.డి.నా, పీహెచ్‌డీనా? వెంటనే వచ్చే జవాబు కూడా అందరికీ తెలిసిందే. 'ఎడ్.డి. అంటే కాస్త తేలిక పీహెచ్‌డీ'. ఆ జవాబు నాకు ఒప్పుదల కాదు. ఈ రెండు డిగ్రీలూ మనిషి చేతికి రెండు వేర్వేరు పనులు నేర్పాలని పుట్టాయి. బాగా చేసిన పనిని దగ్గరగా చూస్తే ఆ తేడా తెలుస్తుంది. నియమావళి చదివితే తెలియదు.

చరిత్ర కొంచెం చెప్పాలి. అమెరికాలో విద్యా శాస్త్రంలో తొలి పీహెచ్‌డీ 1893లో కొలంబియా టీచర్స్ కాలేజీ నుంచి వచ్చింది. హార్వర్డ్ విద్యా కళాశాల 1920లో ఏర్పడింది, ఎడ్.డి. అక్కడే మొదలైంది. వైద్యులకూ న్యాయవాదులకూ వాళ్ల వృత్తికి తగిన పట్టా ఉన్నట్టు బడులు నడిపేవాళ్లకూ ఉండాలన్నది ఆశయం. ఆశయం మంచిదే కానీ పని అలా సాగలేదు. ఎడ్.డి. విద్యార్థి కూడా పీహెచ్‌డీ విద్యార్థి రాసే ఐదు అధ్యాయాల థీసిస్‌నే రాశాడు. సమస్య, పూర్వ పరిశోధనల సమీక్ష, పద్ధతి, ఫలితాలు, ముగింపు. అదే వరుస, అదే గైడు, అదే వైవా. కొన్నిచోట్ల ఎడ్.డి. పీహెచ్‌డీకి మరో పేరుగా నిలిచింది. బ్రిక్, రౌడెన్‌బుష్‌లది అలాంటి ఎడ్.డి. చాలాచోట్ల మాత్రం అది పలచబడిన పీహెచ్‌డీగా మిగిలింది. 2005లో టీచర్స్ కాలేజీ అధ్యక్షుడు ఆర్థర్ లెవీన్ బడి నాయకుల చదువు మీద ఒక నివేదిక రాసి, ఎడ్.డి.ని ఎత్తెయ్యమన్నాడు. మరుసటి ఏడాది కార్నెగీ ఫౌండేషన్ అధ్యక్షుడు లీ షుల్మన్, ముగ్గురు సహరచయితలతో కలిసి దానికి జవాబు లాంటి వ్యాసం రాశాడు. ఎత్తెయ్యడం కాదు, దాని పని దానికి అప్పగించమన్నది అందులోని సారం. 2007లో కార్నెగీ ప్రాజెక్ట్ ఆన్ ది ఎడ్యుకేషన్ డాక్టరేట్ పేరుతో పాతిక దాకా విద్యాలయాలు ఆ పనికి కూర్చున్నాయి. ఇప్పుడు ఆ బృందంలో వందకు పైగా ఉన్నాయి. ఎడ్.డి.కి జన్మనిచ్చిన హార్వర్డ్ మాత్రం దాన్ని వదిలేసింది. బడి నాయకుల కోసం 2010లో ఎడ్.ఎల్.డి. అనే మూడేళ్ల డాక్టరేట్ పెట్టి, పరిశోధకుల కోసం కొన్నేళ్ల తర్వాత పీహెచ్‌డీ తెచ్చింది. ఒకే డిగ్రీలో కలిసిపోయి ఉన్న రెండు పనులూ అలా విడివడ్డాయి.

ఆ రెండు పనులూ ఏమిటో చూడాలంటే షికాగో వెళ్లాలి.

షికాగో ప్రభుత్వ హైస్కూళ్లలో చాలామంది పిల్లలు చదువు మధ్యలో ఆపేసేవారు. ఎందుకంటే ఎవరి జవాబు వాళ్లకుంది. పేదరికం, ఇంటి పరిస్థితి, కింది తరగతుల్లో చదువు రాకపోవడం. అన్నీ నిజాలే. కానీ ఏ ఒక్కటీ హైస్కూలు టీచరు చేతిలో లేదు. షికాగో విశ్వవిద్యాలయంలో కన్సార్షియం ఆన్ స్కూల్ రిసెర్చ్ అనే సంస్థ ఉంది. దాన్ని 1990లో ప్రారంభించినవాళ్లలో ముఖ్యుడు మనం పైన చూసిన బ్రిక్. అక్కడి పరిశోధకులు ఎలేన్ ఆలెన్స్‌వర్త్, జాన్ ఈస్టన్ 2005లో ఒక నివేదిక వెలువరించారు. దాంట్లో ఉన్నది ఒకే ఒక్క సూచిక. హైస్కూల్లో మొదటి ఏడాదైన తొమ్మిదో తరగతి ముగిసేసరికి పిల్లవాడు ఐదు పూర్తి క్రెడిట్లు సంపాదించాలి, ముఖ్య సబ్జెక్టుల్లో ఏడాది మొత్తమ్మీద ఒక్క సెమిస్టర్ ఎఫ్‌కు (ఫెయిల్‌కు) మించి రాకూడదు. ఈ రెండూ ఉంటే పిల్లవాడు దారిలో ఉన్నట్టు. ఏ ఒక్కటి లేకపోయినా దారి తప్పినట్టు.

దారిలో ఉన్నవాళ్లలో నూటికి 81 మంది నాలుగేళ్లలో హైస్కూలు పూర్తి చేశారు. దారి తప్పినవాళ్లలో 22 మంది.

ఈ సూచికలోని పనితనం దాని పొదుపులో ఉంది. పరిశోధకుడి దగ్గర ఎన్నో అంకెలు ఉంటాయి: ఎనిమిదో తరగతి పరీక్ష మార్కులు, కుటుంబ ఆదాయం, జాతి, వయసు, బడులు మారిన లెక్క. అన్నీ కలిపి ఒక పెద్ద సూత్రం కట్టి, జోస్యం ఇంకో రెండు శాతం మెరుగుపరిచి, పత్రం అచ్చు వేయించుకోవచ్చు. చాలామంది చేసేది అదే. వీళ్లు అన్నిటినీ పరీక్షించి, చివరికి హెడ్మాస్టరు రిజిస్టరు చూసి వేలు పెట్టి చెప్పగలిగిన రెండు సంగతులు మాత్రం ఉంచారు. పరీక్ష మార్కుల కంటే ఈ రెండే గట్టిగా జోస్యం చెబుతున్నాయని చూపారు. ఎనిమిదిలో మార్కులు బాగా వచ్చి తొమ్మిదిలో దారి తప్పినవాళ్ల కంటే, ఎనిమిదిలో మార్కులు తక్కువైనా తొమ్మిదిలో దారిలో నిలిచినవాళ్లే ఎక్కువగా పట్టా అందుకున్నారు. పిల్లవాడు ఎక్కడి నుంచి వచ్చాడన్న దాని మీద కంటే, వచ్చిన మొదటి ఏడాది బడిలో ఏం జరిగిందన్న దాని మీద అతని భవిష్యత్తు ఎక్కువగా ఆధారపడి ఉందని దాని అర్థం.

2007లో వచ్చిన రెండో నివేదిక ఇంకా లోపలికి వెళ్లింది. తొమ్మిదో తరగతిలో ఫెయిలవడాన్ని ముందుగా చెప్పడంలో హాజరు, పరీక్ష మార్కుల కంటే ఎనిమిది రెట్లు నమ్మకమైనదని తేలింది. సెమిస్టర్‌కు ఐదు రోజుల లోపు మానినవాళ్లలో నూటికి 87 మంది నాలుగేళ్లలో పూర్తి చేస్తే, ఐదు నుంచి తొమ్మిది రోజులు మానినవాళ్లలో 63 మందే పూర్తి చేశారు. తేడా ఒక వారం. ఇలాంటి తేడాను పట్టుకోవాలంటే ఊరంతటి పిల్లల రికార్డులు ఏళ్ల తరబడి ఒకదానితో ఒకటి కలిపి ఉంచాలి, నమూనా ఎవరిని వదిలేసిందో తెలియాలి, ఎదుటివాడు వెయ్యబోయే ప్రతి అభ్యంతరాన్ని ముందే తనమీద తనే వేసుకోవాలి. పీహెచ్‌డీ నేర్పవలసిన పని ఇదే. ఒక చోట కనిపించిన సంగతి ఇంకెక్కడైనా నిలుస్తుందా, నిలిస్తే ఎందుకు, నిలవకపోతే ఏ షరతు మారింది అన్న ప్రశ్నలతో ఏళ్లపాటు ఓపికగా కూర్చోవడం.

సూచిక చేతికొచ్చింది. తర్వాతేం జరగాలి? నివేదిక తనంతట తను ఒక్క పిల్లవాణ్ణి కూడా బడికి తీసుకురాదు. ఇక్కడ రెండో పనితనం మొదలవుతుంది, దానికి మెచ్చుకోలు తక్కువగా దొరుకుతుంది.

షికాగో బడులు చేసింది చూడండి. తొమ్మిదో తరగతి పిల్లల జాబితాలు ఏడాది చివర కాకుండా ఏడాది నడుస్తుండగానే హెడ్మాస్టర్ల చేతికి వచ్చేలా జిల్లా ఏర్పాటు చేసింది. ఒకే పిల్లల గుంపుకు పాఠాలు చెప్పే టీచర్లు కలిసి కూర్చున్నారు. ఈ అబ్బాయికి లెక్కల్లో ఎఫ్ వస్తోంది, ఎందుకు? రాకనా, హోంవర్కు ఇవ్వకనా? హోంవర్కు ఇవ్వకపోతే, తక్కిన మూడు సబ్జెక్టుల్లో ఇస్తున్నాడా? ఇంటికి ఎవరు ఫోన్ చేస్తారు? రెండు వారాల తర్వాత మళ్లీ జాబితా. ఏం మారింది? మారకపోతే ఇంకో ప్రయత్నం. మెలిస్సా రోడరిక్ బృందం 2014లో ఈ పనిని అంచనా వేసింది. 2007లో నూటికి 57 మంది దారిలో ఉంటే, 2013కు 82 మంది ఉన్నారు. టీచర్లు చూసీ చూడనట్టు పాస్ చేసేశారేమో అన్న అనుమానాన్ని కూడా ఆ బృందం దాటవెయ్యలేదు. ముందుగా మెరుగుపడిన ఇరవై బడుల్లో ఆ పిల్లలు పై తరగతులకు వెళ్లాక ఏమైందో చూసింది. వాళ్ల పట్టాల శాతం కూడా పెరిగింది.

ఆ టీచర్లు, ఆ హెడ్మాస్టర్లు డిగ్రీ కోసం ఈ పని చేయలేదు. కానీ కొత్త రూపంలోని ఎడ్.డి. విద్యార్థి చేత చేయించాలనుకుంటున్నది ఇదే. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు 'ప్రాబ్లమ్ ఆఫ్ ప్రాక్టీస్'. వృత్తిలో పాతుకుపోయిన, ఒక చోటికి చెందిన, వేలు పెట్టి చూపగలిగిన చిక్కు. దాన్ని పట్టుకుని రాసే గ్రంథం 'డిసర్టేషన్ ఇన్ ప్రాక్టీస్'. దానికి ఎక్కువగా వాడుతున్న పద్ధతి ఇంప్రూవ్‌మెంట్ సైన్స్. ఇది ఫ్యాక్టరీల నాణ్యతా తనిఖీ నుంచి ఆసుపత్రులకూ, ఆసుపత్రుల నుంచి బడులకూ వచ్చింది. బడులకు దాన్ని వివరంగా అప్పజెప్పిన 'లర్నింగ్ టు ఇంప్రూవ్' పుస్తకం 2015లో వచ్చింది. ముఖ్య రచయిత మళ్లీ బ్రిక్కే. అప్పటికి ఆయన కార్నెగీ ఫౌండేషన్ అధ్యక్షుడు. అంతస్తుల లెక్కలు నేర్పిన మనిషే, ఒక్క గదిలో ఒక్క మార్పును రెండు వారాలు ప్రయత్నించి చూడటం ఎలాగో కూడా నేర్పాడు. ఈ వ్యాసంలో ఆయన పేరు పదే పదే రావడానికి కారణం అదే. రెండు పనితనాలనూ ఒకే మనిషి గౌరవించగలడని ఆయన పని చెబుతోంది.

ఆ పద్ధతిని మన నేల మీదికి తెచ్చి చూద్దాం. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల్లో, ఆదోని, కోసిగి వైపు, ఏటా సుగ్గికి పోవడం ఉంది. పత్తి తీతకూ మిర్చి కోతకూ కుటుంబాలు గుంటూరు వైపూ తెలంగాణకూ తరలిపోతాయి, పిల్లలు బడి మానేస్తారు. ఈ విషయం మీద ఇద్దరు డాక్టరేట్ చెయ్యాలనుకున్నారనుకోండి.

మొదటి మనిషి పరిశోధకుడు. అతని ప్రశ్న ఇలా ఉండొచ్చు: సుగ్గి వల్ల బడి మానిన నెలలు పదో తరగతి దాకా చేరడం మీద ఎంత ప్రభావం చూపుతున్నాయి? తల్లిదండ్రులతో వెళ్లిన పిల్లలకూ, ఊళ్లో అవ్వాతాతల దగ్గర ఉండిపోయిన పిల్లలకూ తేడా ఎంత? ఆ తేడా వలస వల్ల వచ్చిందా, వలసకు కారణమైన అప్పుల వల్ల వచ్చిందా? చివరి ప్రశ్న అసలు కష్టమైనది. దాన్ని విడదీయడానికి అతను మూడేళ్లయినా పెట్టాలి. జవాబు దొరికితే అది ఆదోనికి ఎంత పనికొస్తుందో పాలమూరుకూ, ఒడిశాలోని బొలంగీర్‌కూ అంతే పనికొస్తుంది.

రెండో మనిషి ఆ మండలంలోనే హైస్కూలు హెడ్మాస్టరు. 'మా మండలంలో పిల్లలు సరిగా రావడం లేదు' అని అతను మొదలుపెడితే మంచి గైడు ఆ పేజీ వెనక్కి ఇచ్చేస్తాడు. అది ఫిర్యాదు, సమస్య కాదు. ఏ తరగతి? ఏ నెల? ఆడపిల్లలా, మగపిల్లలా? రిజిస్టరు తీస్తే ఎనిమిదో తరగతి ఆడపిల్లలు డిసెంబరు రెండో వారం నుంచి తగ్గుతున్నారని తేలుతుందనుకుందాం. ఇప్పుడు ఎందుకన్నది. ఇక్కడ అతను ఊహించకూడదు, అడగాలి. వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టల్ ఉందే, మరి వాళ్లు అక్కడ ఎందుకు ఉండటం లేదు? ఒక తల్లి అక్కడ ఆడ వార్డెన్ లేదంటుంది. ఇంకో తల్లి చిన్నబిడ్డను చూసుకోవడానికి పెద్దపిల్ల కావాలంటుంది. కారణాలన్నీ ఒక కాగితం మీద చెట్టులా గీస్తారు. లక్ష్యం ఒక చివర, దాన్ని కదిలించగల మూడు నాలుగు శక్తులు మధ్యలో, ఒక్కో శక్తికి చెయ్యగలిగిన చిన్న పనులు ఇంకో చివర. దాన్ని డ్రైవర్ డయాగ్రమ్ అంటారు. చూడటానికి చాలా మామూలు బొమ్మ. కానీ అది ఆ మనిషి ఏం నమ్ముతున్నాడో ఒప్పజెప్పే కాగితం. రేపు ఆ నమ్మకం తప్పని తేలితే ఏ గీత దగ్గర తప్పిందో కనిపిస్తుంది.

తర్వాత ఒక చిన్న మార్పు. సుగ్గికి బయల్దేరే ముందు దసరా సెలవుల తర్వాత తల్లులతో హాస్టల్లోనే ఒక సమావేశం, ఆ రాత్రి వాళ్లూ అక్కడే పడుకోవడం. ఒక ఊరితోనే. ఏం జరుగుతుందని అనుకుంటున్నాడో ముందే రాసి పెట్టాలి. జరిగాక రాసుకున్నదానితో పోల్చాలి. వేసిన పథకం, చేసిన పని, చూసిన ఫలితం, దాన్నిబట్టి మార్చుకున్న తీరు. ఈ నాలుగు మెట్లూ ఒక చుట్టు. ఒక మంచి ఎడ్.డి. గ్రంథంలో ఇలాంటి చుట్లు అనేకం ఉంటాయి, వాటిలో విఫలమైనవీ ఉంటాయి. నేనైతే విఫలమైన చుట్టు ఎలా రాశారన్నది చూసే ఆ గ్రంథం విలువ కడతాను. అన్నీ సఫలమైన గ్రంథం అనుమానించదగింది.

ఈ రెండో పని తేలికని ఎవరైనా అంటే ఒక్క చిక్కు చూపిస్తాను. హెడ్మాస్టరు తన కింది టీచర్లనే ప్రశ్నలడుగుతాడు. వాళ్లు నిజం చెబుతారా? తన నిర్ణయమే తప్పని తేలితే రాస్తాడా? బయటి నుంచి వచ్చిన పీహెచ్‌డీ విద్యార్థికి ఈ బరువు లేదు, అతను పని ముగించుకుని వెళ్లిపోతాడు. తన ఇంటినే తను పరిశీలించేవాడు గ్రంథం సమర్పించాక కూడా ఆ ఇంట్లోనే ఉండాలి. మంచి కోర్సులు దీన్ని మొదటి ఏడాదే చర్చకు పెడతాయి. లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్ ఎడ్.డి.లో విద్యార్థి తన సొంత సంస్థ మీదే చేసే ఒక చిన్న అధ్యయనం ప్రత్యేక భాగంగా ఉండేది. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం పీబడీ కళాశాలలో విద్యార్థులు జట్టుగా, ఒక బడి జిల్లా లేదా సంస్థ తెచ్చిన సమస్య మీద పనిచేసే పద్ధతి తెచ్చారు. ఒంటరిగా రాసిందే డాక్టరేట్ అనుకునే మనకు జట్టుగా రాయడం వింతగా తోస్తుంది. కానీ బడి సమస్యలు ఎప్పుడూ ఒంటరిగా తీరలేదు. ఆ చదువుకు ఆ రూపమే సరైనది.

పీహెచ్‌డీకి నేను ఇచ్చే మెప్పు దీనివల్ల తగ్గదు. రేపటి బడికి నేరుగా పనికిరాని ప్రశ్నలు కొన్ని ఉంటాయి, వాటిని అడిగే చోటు ఉండి తీరాలి. పద్మా సారంగపాణి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చేసిన డాక్టరల్ పరిశోధన నుంచి 2003లో 'కన్‌స్ట్రక్టింగ్ స్కూల్ నాలెడ్జ్' అనే పుస్తకం వచ్చింది. ఢిల్లీ దగ్గరి కాసింపూర్ అనే ఊరి ప్రాథమిక పాఠశాలలో చాలాకాలం కూర్చుని చూసి రాసింది. బట్టీ పట్టడం మీద మన విద్యావేత్తలు కసురుకోవడమే ఎక్కువ. ఆమె కసురుకోకుండా అడిగారు: ఈ పిల్లల దృష్టిలో కంఠతా రావడం అంటే ఏమిటి? నేర్చుకోవడం అంటే ఏమిటి? టీచరు మాట, పుస్తకం మాట ఎందుకు అంత చెల్లుబాటు అవుతాయి? బడి ఎలా బాగుపడాలో ఆ పుస్తకం జాబితా ఇవ్వదు. అది చదివాక మాత్రం తరగతి గదిలో పిల్లలు ముక్తకంఠంతో ఎక్కం చదువుతుంటే అదివరకటిలా వినలేం. ఇలాంటి పనికి ఏకాంతం కావాలి, గడువు గంట కొట్టే ఉద్యోగం పక్కన ఉండకూడదు, ఒకే బడి వరండాలో నెలల తరబడి కూర్చునే తీరిక కావాలి. పూర్తికాల పీహెచ్‌డీ ఇచ్చే గొప్ప వరం ఆ తీరికే.

మన తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో విద్యా శాస్త్రంలో డాక్టరేట్ అంటే పీహెచ్‌డీయే. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. పనిచేసే చోటి నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకుంటే పార్ట్‌టైమ్‌గానూ చెయ్యొచ్చు. అందుకని పాతికేళ్లు హెడ్మాస్టరుగా చేసినవారు కూడా డాక్టరేట్ కావాలంటే ప్రశ్నావళి తయారుచేసి, ఆరు వందల మంది టీచర్లకు పంచి, 'వైఖరి' కొలిచి, లింగం వారీగా, యాజమాన్యం వారీగా తేడాలు పట్టిక వెయ్యాల్సి వస్తోంది. ఆ మనిషికి తెలిసిన అసలు సంగతులు ఆ పట్టికలో పట్టవు. ఇది నాకు బాధ కలిగించే విషయం. బి.ఎడ్.లో, తన తరగతి సమస్య మీద టీచరు తనే చేసే చర్యాత్మక పరిశోధన అని ఒక చిన్న రికార్డు రాయిస్తాం, ఆ విత్తనం అక్కడే ఎండిపోతుంది.

ఆ విత్తనం చెట్టవడం మన దగ్గరే ఒకచోట జరిగింది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ బడుల సమస్య పట్టుకున్నారు. ఒకే గది, ఒకే టీచరు, అయిదు తరగతుల పిల్లలు. పాఠ్యపుస్తకాన్ని వాళ్లు చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. కార్డులను ఒక నిచ్చెన క్రమంలో పేర్చి గోడకు పెట్టారు, పిల్ల తను ఏ మెట్టు మీద ఉందో తనే చూసుకుని తన కార్డు తనే తీసుకుంటుంది. గదిలో గుంపులు తరగతిని బట్టి కాకుండా ఆ క్షణంలో కావలసిన సాయాన్ని బట్టి ఏర్పడతాయి. టీచరు పూర్తి సాయం కావలసినవాళ్లు, కొంచెం సాయం చాలినవాళ్లు, తోటిపిల్లల సాయంతో చేసుకునేవాళ్లు, ఒంటరిగా చేసుకునేవాళ్లు. జ్వరం వచ్చి వారం మానిన పిల్ల తిరిగొచ్చి తను ఆగిన మెట్టు నుంచే ఎక్కుతుంది. ఈ గది చూసి స్ఫూర్తి పొందే 1995లో కర్ణాటకలోని మైసూరు జిల్లా హెచ్.డి. కోటెలో 'నలి-కలి' బోధనా పద్ధతి మొదలైంది. జర్మనీలోని రీగెన్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తర్వాత దీన్ని ఏళ్లపాటు అధ్యయనం చేశారు. పల్లె బడిలో పుట్టిన పని మొదట, దాని సిద్ధాంతం తర్వాత. ఇలాంటి పనికి డాక్టరేట్ ఇచ్చే మార్గం మన విశ్వవిద్యాలయాల్లో ఉండాలి. హెడ్మాస్టర్లకూ, మండల విద్యాధికారులకూ, జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థల (డైట్) లెక్చరర్లకూ దాని అవసరం ఉంది.

ఇక ఎంచుకునేవారికి కొన్ని మాటలు. విశ్వవిద్యాలయంలో అధ్యాపకులై పరిశోధనే జీవితంగా గడపాలనుకుంటే పీహెచ్‌డీ చెయ్యండి. ఇండియాకు తిరిగొచ్చి ఇక్కడి విశ్వవిద్యాలయంలో చేరే ఆలోచన ఉన్నా అదే నయం. ఎడ్.డి. తెచ్చుకుంటే దానికి ఇక్కడ సమానత్వ గుర్తింపు దొరుకుతుందో లేదో చేరకముందే లిఖితపూర్వకంగా తెలుసుకోండి. అమెరికాలో పెద్ద విశ్వవిద్యాలయాలు పూర్తికాల పీహెచ్‌డీ విద్యార్థికి ఫీజు మాఫీ చేసి స్టయిపెండ్ ఇవ్వడం మామూలే. ఎడ్.డి.కి సాధారణంగా మన జేబు నుంచో యజమాని నుంచో కట్టుకోవాలి. ఎడ్.డి. కోర్సులు ఎక్కువగా సాయంత్రాలూ వారాంతాలూ నడిచే పార్ట్‌టైమ్ చదువులు, ఆన్‌లైన్‌వి కూడా బాగా ఉన్నాయి. ఎఫ్-1 వీసాకు అవి సాధారణంగా సరిపోవు, హెచ్-1బీ, హెచ్-4 మీద ఉన్నవాళ్లు చదువుకోవచ్చు. బ్రిటన్‌లో 1992లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం ఎడ్.డి. మొదలుపెట్టింది. అక్కడ ఎడ్.డి. థీసిస్ పీహెచ్‌డీ థీసిస్‌లో సగం కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది, కానీ దానికి ముందు తరగతులు, వ్యాసాలు ఉంటాయి. పొడవు చూసి ఏది బరువైనదో తేల్చకండి.

మీరు ఇప్పటికే బడిలోనో, కాలేజీలోనో, విద్యాశాఖలోనో ఉండి, అక్కడే ఉండాలనుకుంటూ, ఏళ్లుగా మిమ్మల్ని నిద్ర పోనివ్వని ఒక చిక్కు మీ దగ్గర ఉంటే, బాగా నడిచే ఎడ్.డి. మీకు పీహెచ్‌డీ కంటే మంచిది. మొహమాటం లేకుండా చెబుతున్నాను. బాగా నడిచేదా కాదా అన్నది తెలుసుకోవడానికి ఒకటే మార్గం. దరఖాస్తు ఫీజు కట్టే ముందు ఆ విభాగం నుంచి ఈ మధ్య వచ్చిన థీసిస్ ఒకటి తెప్పించుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవండి. ఎడ్.డి. అయితే, చివరికి ఆ బడిలో ఏం కదిలిందో, కదిలిందని ఎలా తెలిసిందో వెతకండి. పీహెచ్‌డీ అయితే, ఆ బడి దాటి నిలిచే మాట ఒక్కటైనా ఉందేమో వెతకండి. రెండూ లేకపోతే ఆ విభాగంలో చేరకండి. మన దేశపు విశ్వవిద్యాలయాల థీసిస్‌లు లక్షల సంఖ్యలో శోధగంగ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.